శ్రీశైలం డ్యామ్ ముందున్న గొయ్యి: ఒక నమూనా పని డైరీ

జులై, అంశం ఖరారు

ఈసారి చివరి ఏడాది సివిల్ విద్యార్థుల ప్రాజెక్టుకు శ్రీశైలం డ్యామ్‌ను ఎంచుకున్నాము. "పాతబడుతున్న జలవిద్యుత్ డ్యామ్ భద్రత" అని దరఖాస్తులో రాయడం తేలికే గాని, ఆ మాటలో ఇమిడే పని ఒక ప్రయోగశాలకు, ఒక విద్యా సంవత్సరానికి లొంగేది కాదు. కాబట్టి మొదటి సమావేశంలోనే విద్యార్థులకు చెప్పాను: డ్యామ్ మొత్తాన్ని పరీక్షించబోవడం లేదు, డ్యామ్ ముందు కిందివైపున ఉన్న గొయ్యిని మాత్రమే చూడబోతున్నాము. ఇంజనీర్లు దానిని ప్లంజ్ పూల్ అంటారు. గేట్ల మీదుగా దూకిన నీరు పడే చోట ఏళ్ల తరబడి రాయి ఊడిపోయి ఏర్పడిన లోతు అది.

1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ నిర్మాణం మొదట జలవిద్యుత్ పథకంగానే మొదలైంది. 1980ల తొలి ఏళ్లకు నీరు నిలబెట్టి విద్యుత్తు ఇవ్వడం ఆరంభించింది. సాగునీరు, తాగునీరు, తెలుగుగంగ వంటివి తరువాత చేరిన బాధ్యతలు. పునాది నుంచి ఎత్తు సుమారు 145 మీటర్లు, పొడవు 512 మీటర్లు. నల్లమలలో కృష్ణ ఇరుకుగా ప్రవహించే లోయను అడ్డగించి కట్టినందువల్ల, నీరు వదలడానికి దొరికిన వెడల్పు చాలా తక్కువ. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు ఉన్న పన్నెండు రేడియల్ గేట్లను (ఇరుసు చుట్టూ తిరిగి లేచే వంపు గేట్లు), మధ్యలోని స్తంభాలతో కలిపి, 266 మీటర్ల నిడివిలో ఇమిడ్చారు. మనం చూడబోయే సమస్యకు మూలం ఈ ఇరుకుదనమే.

డ్యామ్ భద్రత అనగానే మన వాళ్ల మనసులో మెదిలేది గోడకు పగులు. పత్రికలలో వచ్చే బొమ్మలు కూడా అలాంటివే. గోడ మీద తడి మరక కనిపిస్తే సంచలనం అవుతుంది గాని, నీటి అడుగున జరిగే కోతకు ఫొటో ఉండదు గనుక వరద వేళ తప్ప వార్త కూడా ఉండదు. శ్రీశైలం విషయంలో నాకున్న అభిప్రాయం ఏమిటంటే, ఆ డ్యామ్ ఆరోగ్యం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న "గోడ గట్టిగా ఉందా" అని కాదు, "గొయ్యి అంచు గోడ పాదానికి ఎంత దూరంలో ఉంది, ప్రతి వరదకూ ఎంత జరుగుతోంది" అని. ఈ ప్రాజెక్టు పనంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

ఆగస్టు, కాగితం మీది లెక్కలు

నమూనా కట్టకముందు అంకెలు చేతిలో ఉండాలని, ఒక వారమంతా విద్యార్థులతో చేతి లెక్కలే చేయించాను. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, స్పిల్‌వే (గేట్ల గుండా వదిలిన నీరు దిగే భాగం) శిరస్సు 830 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ పూర్తిస్థాయి 590 అడుగులు కాబట్టి, సాగర్ నిండుగా ఉన్నప్పుడు పైనీటికీ కిందినీటికీ తేడా 295 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. పూర్తిస్థాయి మట్టం వద్ద అన్ని గేట్లూ ఎత్తితే స్పిల్‌వే వదలగలిగేది సుమారు 13 లక్షల క్యూసెక్కులు.

ఆ నీరు 90 మీటర్లు దిగినప్పుడు ఖర్చు కావలసిన శక్తి ఎంత అని లెక్క వేస్తే 32 వేల మెగావాట్లకు పైగా వచ్చింది. లెక్క తప్పిందేమోనని విద్యార్థులు మళ్లీ వేశారు. తప్పలేదు. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు, మొత్తం కలిపి 1,670 మెగావాట్లు. అంటే ఒక మహావరద వేళ రెండు కేంద్రాలూ కలిసి తయారు చేయగల శక్తికి పందొమ్మిది రెట్లకు మించినది ఆ ఇరుకు లోయలో, గోడకు కొద్ది దూరంలో, రాతి మీద విరుచుకుపడుతుంది. ఈ ఒక్క పోలికతో విద్యార్థులకు ప్రాజెక్టు అవసరం అర్థమైంది. నేను వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేకపోయింది.

తరువాత కోత లోతు. దీనికి వెరొనీస్ సూత్రం పాతదే అయినా ఇప్పటికీ మొదటి అంచనాకు వాడతారు: మీటరు వెడల్పుకు వచ్చే ప్రవాహాన్ని 0.54 ఘాతానికి, నీటిమట్టాల తేడాను 0.225 ఘాతానికి పెంచి, రెండింటినీ గుణించి, దానిని మళ్లీ 1.9తో గుణించాలి. మీటరుకు సుమారు 138 ఘనమీటర్ల ప్రవాహం, 90 మీటర్ల తేడా తీసుకుంటే కిందినీటి ఉపరితలం నుంచి 75 మీటర్ల దరిదాపు లోతు వస్తుంది. ఇది చివరికి చేరగల లోతు మాత్రమే. ఎన్నేళ్లకు చేరుతుందో సూత్రం చెప్పదు, రాయి గట్టిదా మెత్తదా అని కూడా అడగదు. గులకరాళ్లతో చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన సూత్రం కాబట్టి దానికి ఆ అమాయకత్వం సహజం. మేసన్, అరుముగం అనే పరిశోధకులు 1985లో ఎన్నో డ్యామ్‌ల కొలతలను, నమూనాల ఫలితాలను పోల్చి, అడుగున నిలిచిన నీటి లోతును కూడా చేర్చి మెరుగైన సూత్రం ఇచ్చారు. అందులోనూ రాతి అతుకుల ప్రస్తావన లేదు. శ్రీశైలం కింద ఉన్నది క్వార్ట్జైట్, మధ్యలో షేల్ పొరలు. క్వార్ట్జైట్ గట్టిదే, కాని దిమ్మెలు దిమ్మెలుగా చీలి ఉంటుంది. షేల్ నీటికి మెత్తబడుతుంది. రాయి గట్టిదనం కన్నా దాని అతుకులే ఇక్కడ నిర్ణాయకం.

సెప్టెంబరు, నమూనా కొలతలు

పూర్తి పన్నెండు గేట్లనూ ఒకటికి వంద నిష్పత్తిలో కట్టాలని విద్యార్థుల కోరిక. నమూనా కొలతలను అసలు కొలతలతో ముడిపెట్టే ఫ్రూడ్ నియమం ప్రకారం ప్రవాహం నిష్పత్తి యొక్క రెండున్నర ఘాతంతో తగ్గుతుంది గనుక, 13 లక్షల క్యూసెక్కులు నమూనాలో సెకనుకు 368 లీటర్లవుతాయి. మా ప్రయోగశాల సంపు ఆ పంపు ముందు నిమిషాలు కూడా నిలవదు. అందుకని ఒకటికి నూట యాభై నిష్పత్తిలో రెండు గేట్ల ముక్కను మాత్రమే కట్టాలని నిర్ణయించాము. దీనికి ప్రవాహం సెకనుకు 22 లీటర్ల చిల్లర చాలు, వెడల్పు 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. శిరస్సు మీద నీటి ఎత్తు 11 సెంటీమీటర్లు, పైనీటికీ కిందినీటికీ తేడా 60 సెంటీమీటర్లు. నమూనాలో ఒక గంట అసలు డ్యామ్ వద్ద పన్నెండు గంటల పైచిలుకుకు సమానం.

ఇనుప రేకుతో పైతొట్టి, పక్కలకు అక్రిలిక్ పలకలు, స్పిల్‌వే వంపును మెరైన్ ప్లైవుడ్ పక్కెముకలకు అల్యూమినియం రేకు తొడిగి చేశాము. వంపు చివర నీటిని పైకెగరేసే ఫ్లిప్ బకెట్ భాగాన్ని మాత్రం వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ గారు పట్టుబట్టి దిమ్మె చెక్కతో చెక్కించారు. రేకును వంచితే పెదవి దగ్గర అంచు సమంగా రాదని ఆయన వాదన. ఆయన మాటే నిలిచింది, ఎందుకంటే మొదటిసారి నీరు వదిలినప్పుడు రెండు గేట్ల ధారలూ గాజు పలకలా విడివిడిగా లేచాయి. ప్రవాహం కొలవడానికి తిరుగుకాలువలో తొంభై డిగ్రీల వీ నాచ్ (V ఆకారపు కోత ఉన్న పలక) పెట్టాము. పూర్తి ప్రవాహానికి దాని మీద నీరు 19 సెంటీమీటర్లు నిలవాలి. రెండు మోనోబ్లాక్ మోటార్లు కలిపి నడిపితేగాని ఆ ఎత్తు రాలేదు.

అడుగు రాయిని ఎలా చూపించాలన్నది పెద్ద చర్చ. ఇసుక పోస్తే నీరు దానిని ఊడ్చేస్తుంది, అది నదీగర్భం అవుతుందే తప్ప క్వార్ట్జైట్ కాదు. బేతంచెర్ల బండలను కోసేటప్పుడు మిగిలిన ముక్కలను అంగుళం చదరాలుగా కోయించి, పొరల మధ్య సున్నం, బంకమట్టి కలిపిన పలచటి పూత వేసి పేర్చాము. అంగుళం ముక్క అసలు కొలతలో దాదాపు 3.8 మీటర్ల దిమ్మె. అక్కడక్కడ ఒక పొరకు బదులు బంకమట్టి మాత్రమే పరిచి షేల్‌ను సూచించాము. రాయి సాంద్రత నిజరాయికి దగ్గరగా ఉండడం ఈ పద్ధతిలోని లాభం. పూత బలం మాత్రం ఏ నియమానికీ కట్టుబడి తగ్గించినది కాదు, కాబట్టి గొయ్యి లోతును నమూనా నుంచి నేరుగా నూట యాభైతో గుణించి చెప్పకూడదని గోడ మీద రాసి పెట్టించాను. నమూనా చెప్పగలిగేది గొయ్యి ఆకారం, అది ఎటు జరుగుతుందన్నది. అంతకు మించి దాని నోట పలికించరాదు. పైగా ధారలోకి గాలి కలిసే తీరు ఇంత చిన్న నమూనాలో సరిగ్గా రాదు. అసలు డ్యామ్ వద్ద ధార గాలితో నురగలై కొంత బలం కోల్పోతుంది, ఇక్కడ అది గడ్డకట్టినట్లు పడుతుంది.

అక్టోబరు, నీరు వదిలాక

మొదటి పరుగులు, అంటే నీరు వదిలి చేసే పరీక్షలు, ఒక్కో గేటును పది అడుగులు, అంటే నమూనాలో రెండు సెంటీమీటర్లు ఎత్తి చేశాము. ప్రతి వానాకాలం వార్తల్లో వినే అంకె అది. పూర్తిస్థాయి మట్టం వద్ద ఒక్కో గేటుకు సుమారు 27 వేల క్యూసెక్కులు. నమూనాలో సెకనుకు మూడు లీటర్ల లోపు. ధార చక్కగా లేచి దూరంగా పడింది. బండముక్కల మీద తొలుత ఏమీ జరగనట్లే కనిపించింది. కొంతసేపటికి పూత పట్టు వదలిన ఒక ముక్క కొద్దిగా వణికి, ఒక మూల పైకి లేచి, ఒక్కసారిగా తిరగబడి కొట్టుకుపోయింది. తరువాత దాని పక్కది. రాళ్లు కొట్టేవారు చీలికలో మేకు దిగ్గొట్టి బండను లేపినట్లే, ధార ఒత్తిడి అతుకులోకి దూరి కింది నుంచి దిమ్మెను ఎత్తుతుంది. నీరు రాతిని అరగదీస్తుందని అనుకునే విద్యార్థులకు ఇది కళ్లు తెరిపించింది. అరగడం ఇక్కడ స్వల్పం, ఊడడమే ప్రధానం. ఒత్తిడి నిలకడగా ఉంటే ఇంత నష్టం ఉండదు. అది క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉండడం వల్ల, పైన ఒత్తిడి తగ్గిన క్షణంలో అతుకులో చిక్కిన ఒత్తిడి దిమ్మెను నెడుతుంది.

పూర్తి ప్రవాహానికి గొయ్యి మొదట్లో వేగంగా, తరువాత మెల్లగా లోతెక్కింది. ఒక దశ దాటాక లోతు దాదాపు నిలిచిపోయింది. అప్పుడు ఒక విద్యార్థిని "సార్, ఇక ప్రమాదం లేనట్లేనా" అని అడిగింది. లోతును కొలిచే కడ్డీని పక్కన పెట్టి గొయ్యి పైవైపు అంచును చూడమన్నాను. ధార గొయ్యి అడుగుకు తగిలి రెండుగా చీలి, ఒక పాయ దిగువకు పోతే ఇంకొక పాయ సుడి తిరిగి డ్యామ్ వైపు వెనక్కి వస్తోంది. ఆ వెనుసుడి వల్ల గొయ్యి లోతు పెరగకపోయినా గోడ వైపు అంచు ఒక్కో ముక్క చొప్పున విరిగి లోపలికి జారుతూనే ఉంది. మేము బంకమట్టి పొర పరిచిన చోట ఆ జారుడు త్వరపడింది. మెత్తటి పొర ముందు కొట్టుకుపోతే దాని మీది గట్టి దిమ్మె ఆధారం లేక వేలాడి, తరువాత కూలుతుంది. గొయ్యి లోతు ఒక్కటే పత్రికలకు అందే అంకె. ఇంజనీరును ఎక్కువగా కలవరపెట్టవలసింది ఈ అంచు.

ఇంకొక పరుగులో గేటును అతి కొద్దిగా మాత్రమే ఎత్తాము. అప్పుడు నీటికి పైకెగిరే బలం చాలక బకెట్‌లోనే కుదురుకుని, పెదవి మీదుగా ఒలికి గోడ పాదం దగ్గరే పడింది. పాదం ముందు రక్షణ కోసం పరిచిన కాంక్రీటు నేలకు, అంటే ఆప్రాన్‌కు తగిలే దెబ్బ ఇలాంటిదే. చిన్న నమూనాలో ఘర్షణ ఎక్కువ కాబట్టి అసలు డ్యామ్ వద్ద ఈ స్థితి ఇంకా చిన్న ఎత్తుకే తీరిపోతుంది. అయినా గేట్లను ఎత్తే, దించే వేళల్లో ఆ దశ గుండా ప్రతిసారీ వెళ్లక తప్పదు. గేట్లను తరచుగా ఎత్తి దించడం, కొద్దిగా తెరిచి గంటల తరబడి వదిలేయడం పాదానికి మంచివి కావు. గేట్ల నిర్వహణ పట్టిక కూడా ఒక మరమ్మతు పనే అని విద్యార్థుల నివేదికలో ఒక అధ్యాయానికి పేరు పెట్టించాను.

దిగువ తొట్టిలో నీటిమట్టం మార్చి చేసిన పరుగులు నాకు అన్నింటికన్నా ఆసక్తికరంగా తోచాయి. సాగర్ నిండి 590 అడుగుల వద్ద ఉంటే ధార పడే చోట నీటి లోతు ఎక్కువ, దెబ్బ అడుగుకు చేరేలోగా కొంత చల్లారుతుంది. సాగర్ 520 అడుగుల చోట ఉంటే ఆ లోతు 70 అడుగులు తగ్గుతుంది. ప్రవాహం పెద్దదైతే లోయలో నీరు తనంతట తానే ఎత్తు పెంచుకుంటుంది గనుక తేడా అంత ఉండదు గాని, మామూలు విడుదలలలో తేడా స్పష్టం. మన దగ్గర వరద క్రమం చూడండి: కృష్ణకు నీరు రాగానే ముందు నిండేది శ్రీశైలం, అక్కడ గేట్లు ఎత్తాకనే సాగర్ నిండుతుంది. అంటే ఏటా తొలి విడుదల, అడుగున నీరు పలచగా ఉన్న సమయంలోనే జరుగుతుంది. గేట్లెత్తిన రోజు ఘాట్ రోడ్డు మీద బారులు తీరే జనానికి ఆ దృశ్యం పండుగే. అడుగు రాతికి మాత్రం అదే సంవత్సరంలోని కష్టకాలం.

నవంబరు, 2009 గురించి

నమూనా తొట్టి కారుతున్న చోట్ల సీలెంట్ పట్టించే పని జరుగుతుండగా, విద్యార్థులను 2009 వరద మీద కూర్చోబెట్టాను. ఆ ఏడాది అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర, కృష్ణ నదులు కలిసి తెచ్చిన ప్రవాహం శ్రీశైలం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. స్పిల్‌వే వదలగలిగిన దానికి ఇది దాదాపు రెండింతలు. మట్టం 896 అడుగులు దాటి, పూర్తిస్థాయి కన్నా పదకొండు అడుగులకు పైగా నిలిచింది. వెనుక కర్నూలు నగరం మునిగింది. డ్యామ్ నిలబడింది. తన బరువుతోనే నీటిని ఆపే కాంక్రీటు గ్రావిటీ డ్యామ్‌కు ఉన్న సుగుణం అది: మట్టికట్ట అయితే పైనుంచి నీరు పొర్లిన కొద్ది గంటల్లో తెగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది.

2009లో డ్యామ్ నిలిచిందన్న ధీమాతో చాలామంది అక్కడితో ఆగిపోతారు. కాని పాదం ముందు ఆప్రాన్‌ను కాపాడడానికి అంతకుముందు దించిన, లోపల కాంక్రీటు నింపిన ఉక్కు సిలిండర్లలో కొన్ని ఆ వరదకు దెబ్బతిన్నాయి. ఆ తరువాత నిపుణుల బృందాలు వచ్చాయి. కేంద్ర జలసంఘం మాజీ చైర్మన్ ఎ.బి. పాండ్య నాయకత్వంలోని కమిటీ కూడా ప్లంజ్ పూల్ మరమ్మతును, స్పిల్‌వే సామర్థ్యాన్ని ప్రస్తావించింది. వరదలు వచ్చిన ప్రతిసారీ గొయ్యి వార్త అవుతుంది, నీరు తగ్గాక కాగితాల్లో చేరుతుంది.

ఇంకొక అంకె కూడా పక్కన పెట్టుకోవాలి. కట్టినప్పుడు జలాశయం సామర్థ్యం 308.06 టీఎంసీలు, ఇప్పుడు అదే 885 అడుగుల మట్టానికి రోజువారీ బులెటిన్లలో కనిపించేది 215.81. పూడిక వల్ల మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ పోయింది. వరదను కొంతసేపు పట్టి ఉంచే చోటు అంతమేర తగ్గితే, గేట్లు త్వరగా, పెద్దగా ఎత్తవలసి వస్తుంది. పూడిక వెనుకవైపు విషయం, గొయ్యి ముందువైపు విషయం అని విడదీసి చూడడం కుదరదు.

డిసెంబరు, గేట్లు, గ్యాలరీలు

ప్రాజెక్టు పరిధి దాటినా రెండు చిన్న అభ్యాసాలు చేయించాను. మొదటిది గేటు మీది బరువు: 55 అడుగుల లోతు నీరు 60 అడుగుల వెడల్పు గేటును నెట్టే బలం సుమారు 2,500 టన్నులు. అదంతా రెండు చేతుల గుండా స్తంభాలలోని ఇరుసులకు చేరుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో పదహారో గేటు, 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన సంగతులు విద్యార్థులకు తెలుసు. తుంగభద్రలో తెగింది గొలుసు. అక్కడివి నిలువుగా లేచే గేట్లు. శ్రీశైలంలోవి రేడియల్ గేట్లు, ఇనుప తాళ్లతో ఎత్తేవి. రకం వేరైనా పాఠం ఒకటే: గేటు మొత్తం బలం దాని అతి చిన్న భాగం బలమే. తాళ్లకు గ్రీజు, ఇరుసులకు కందెన, రబ్బరు సీళ్ల మార్పిడి, తుప్పు గోకి రంగు వేయడం, ఇవన్నీ ఏ శంకుస్థాపనకూ నోచుకోని పనులు. బడ్జెట్‌లో మొదట కోత పడేది కూడా వీటికే.

రెండోది అడుగు నుంచి పైకెత్తే ఒత్తిడి. డ్యామ్ లోపలి గ్యాలరీ (గోడలోని నడవ) నుంచి పునాదిలోకి వేసిన డ్రైనేజీ రంధ్రాలు ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. గ్రావిటీ డ్యామ్‌లకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 6512 ప్రకారం రంధ్రాల వరుస దగ్గర మూడింట రెండు వంతులు తగ్గినట్లు లెక్కిస్తారు. రంధ్రాలు పాదం వెడల్పులో పదో వంతు దూరాన ఉన్నాయనుకుని, కిందినీటిని వదిలేసి లెక్క వేస్తే, అవి పనిచేస్తున్నప్పటి ఒత్తిడికీ సున్నపు పొరలతో పూర్తిగా మూసుకుపోయినప్పటి ఒత్తిడికీ తేడా రెండింతలకు మించి ఉంటుంది. బోర్లకు పట్టే తెల్లని గార లాంటిదే ఇక్కడా పడుతుంది. గ్యాలరీలో నీరు కారుతోందని భయపడేవారికి విద్యార్థులు ఇప్పుడు చెప్పగల జవాబు ఇది: రంధ్రాల గుండా కొలతకు అందేలా కారే నీరు మంచి సూచనే, ఏళ్లుగా కారిన రంధ్రం చడీచప్పుడు లేకుండా ఎండిపోతే అప్పుడు అనుమానించాలి. గ్యాలరీ చూడడానికి మాకు అనుమతి రాలేదు. భద్రతా కారణాలు ఉంటాయి కాబట్టి దానిని తప్పుపట్టలేము.

2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది మరణించిన విషయాన్ని కూడా నివేదికలో చేర్చాలా అని చర్చ జరిగింది. అది డ్యామ్ కట్టడపు లోపం కాదు, కాని విద్యుత్ ప్రాజెక్టు వయసు అంటే కాంక్రీటు వయసు ఒక్కటే కాదని చెప్పే ఉదాహరణ. ఒక పేరాగా ఉంచాము.

జనవరి, పూడ్చాలా, చెక్కాలా

ఎవరిని అడిగినా గొయ్యికి చెప్పే మందు కాంక్రీటుతో పూడ్చడం. మేము అదీ చేసి చూశాము. పాత పరుగులో ఏర్పడిన గొయ్యిని సిమెంటు కలిపిన గట్టి పూతతో నింపి, ఆరనిచ్చి, పూర్తి ప్రవాహం వదిలాము. నింపిన చోటు కొంతసేపు చెక్కుచెదరలేదు. కాని ధారకు చల్లారడానికి లోతు లేకపోవడంతో, నీరు గట్టి పూత మీద నుంచి జారి దాని అంచుల దగ్గర, అంటే కొత్తదీ పాతదీ కలిసే అతుకు దగ్గర తవ్వడం మొదలుపెట్టింది. చివరికి నింపిన ముద్ద కిందనే ఖాళీ ఏర్పడి అది ఒక వైపుకు ఒరిగింది. గొయ్యి శత్రువు మాత్రమే కాదు, శక్తిని మింగే పాత్ర కూడా. దానిని పూర్తిగా తీసేస్తే ఆ శక్తి వేరే చోటు వెతుక్కుంటుంది.

ఇక్కడ జాంబెజీ నది మీది కరీబా డ్యామ్ ఉదాహరణ ఉపయోగపడింది. జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో 1959లో పూర్తయిన ఆ ఆర్చ్ డ్యామ్ (విల్లులా వంపు తిరిగిన గోడ) ముందు, గేట్ల ధారలు పడి సుమారు 80 మీటర్ల లోతు గొయ్యి ఏర్పడింది. అది గోడ పునాది వైపు జరగడమే అక్కడి భయం. వాళ్లు దానిని పూడ్చలేదు. తాత్కాలిక అడ్డుకట్ట కట్టి, నీరు తోడి, గొయ్యిని దిగువ వైపుకు వెడల్పు చేసి, ధార శక్తి విస్తరించేలా రాతిని చెక్కి మలిచే మార్గం ఎంచుకున్నారు. అదే తరహాలో మా నమూనాలో గొయ్యి దిగువ గోడను వాలుగా కోసి పరుగు చేస్తే వెనుసుడి స్పష్టంగా బలహీనపడింది, డ్యామ్ వైపు అంచు నుంచి ముక్కలు ఊడడం తగ్గింది. పైవైపు అంచుకు మాత్రమే గట్టి పూత, దానికి మేకులతో పట్టు ఇచ్చిన పరుగు ఇంకా మెరుగు. అంటే పాదం వైపు కవచం, దిగువ వైపు విశాలం.

దీనిని శ్రీశైలానికి సిఫారసు అనరాదు. కరీబా రాయి, లోయ వేరు. మా నమూనా రెండు గేట్లది మాత్రమే, రెండు వైపులా కొండ వాలులకు నీరు తగిలి తిరిగే సుడులు దానిలో లేవు. అవి చూడాలంటే పన్నెండు గేట్ల పెద్ద నమూనా, పూణెలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధన కేంద్రం వంటి చోట చేసేది కావాలి. అయినా టన్నుల లెక్కన కాంక్రీటు గుమ్మరించే ముందు, ఎక్కడ గుమ్మరించాలన్న ప్రశ్నకు సర్వే కావాలన్న మాట మాత్రం మా తొట్టి సైజు నమూనా కూడా ధైర్యంగా చెప్పగలదు.

ఫిబ్రవరి, నివేదికకు తుది రూపం

డ్యామ్ భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. 15 మీటర్లు దాటిన ప్రతి డ్యామ్‌కూ వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, స్వతంత్ర నిపుణుల బృందంతో సమగ్ర భద్రతా పరిశీలన యజమాని బాధ్యతలని అది చెబుతుంది. మొదటి సమగ్ర పరిశీలనకు చట్టం ఇచ్చిన గడువు అయిదేళ్లు. శ్రీశైలం నిర్వహణ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది, నీటిలో, విద్యుత్తులో తెలంగాణకు వాటా ఉంది. ఖర్చు ఎవరిదన్న వాదన తెగేదాకా వరద ఆగదు కాబట్టి, కనీసం కొలతల విషయంలోనైనా ఇద్దరూ ఒకే కాగితం చూడడం అవసరం.

విద్యార్థుల నివేదికలో చివరికి నిలిచిన కోరిక చిన్నది. గేట్లు మూశాక, ప్రతి ఏడాదీ ఒకే రేఖల వెంట, పడవ మీది శబ్దతరంగ పరికరంతో గొయ్యి అడుగును, ముఖ్యంగా పైవైపు అంచును కొలిచి, ఆ కొలతను ఆ ఏడాది గేట్ల విడుదల పట్టికతో, సాగర్ మట్టంతో పక్కపక్కన పెట్టి ప్రకటించాలి. ఒకే ఏడాది కొలత ఎంత ఖచ్చితమైనదైనా అంచు ఎటు కదులుతోందో చెప్పలేదు, పది కొలతల వరుస చెబుతుంది. జలాశయం మట్టాన్ని రోజూ చెప్పగలుగుతున్నప్పుడు ఈ ఒక్క కొలతను ఏడాదికొకసారి చెప్పడం అసాధ్యం కాదు.

నమూనాను విప్పేయకుండా ఉంచాము. వచ్చే బ్యాచ్ పైతొట్టిని వెడల్పు చేసి నాలుగు గేట్లకు పెంచుతుంది, ఒక పక్క అక్రిలిక్‌కు బదులు కొండ వాలును బండముక్కలతో కడుతుంది. సంపు సామర్థ్యం అప్పటికి సరిపోదు గనుక బయట సిమెంటు తొట్టి కట్టించమని కాలేజీకి అర్జీ పెట్టాను. అతుకుల పూతకు సున్నం పాళ్లు మార్చి, బలాన్ని ముందుగా పరీక్షించి పట్టిక తయారు చేసే పనిని ఈ బ్యాచ్‌లోని ఇద్దరు వేసవిలోనే మొదలుపెడతామన్నారు.